అడిగి తెచ్చిన గుడ్డ

త్రివేణికి కూతురు పుట్టేనాటికి ఇంట్లో ఒక్క కొత్త గుడ్డముక్క లేదు. కొనలేక కాదు, కొననివ్వలేదు. మొదటి బిడ్డ పోయిన తల్లికి మళ్ళీ బిడ్డ పుడితే, ఆ బిడ్డ ఒంటిమీద కొన్నదేదీ పడకూడదని వాళ్ళ ఇళ్ళలో పట్టింపు. శ్రీకాకుళం వదిలి రాయపూర్ వచ్చి రెండు తరాలు కావస్తోంది. మాటలో సగం హిందీ కలిసిపోయింది. ఈ పట్టింపు మాత్రం అలాగే ఉండిపోయింది.

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన రోజున, అత్తగారి చెల్లెలు చిన్నమ్మ తిల్దా నుంచి బియ్యం మిల్లు తవుడు కొంగున కట్టుకుని దిగింది. పిల్లని చేటలో పడుకోబెట్టి, పిడికెడు తవుడు త్రివేణి చేతిలో పోసి కొనుక్కుంది. కొనుక్కుని మళ్ళీ ఒళ్ళో పెడుతూ, "ఈ గుంట నాది. పెంచమని నీకు ఇస్తన్నాను. జాగర్త" అంది. అక్కడున్న వాళ్ళంతా నవ్వారు. త్రివేణి నవ్వలేదు. తలాడించి, నిజంగా పరాయివాళ్ళ పిల్లని ఎత్తుకున్నట్టే భయంభయంగా ఎత్తుకుంది. ఆసుపత్రి కార్డు మీద ఆ పిల్ల పేరు అమూల్య. ఇంట్లో తవిటమ్మ.

మొదటివాడు హేమంత్. బోర్లాపడి, పాకబోయి, ముందుకి పోలేక ఏడ్చే వయసులో పోయాడు. జబ్బు లేదు, జ్వరం లేదు. ఆ రాత్రి త్రివేణి వాడికి బజారు డైపర్ తొడిగి పడుకోబెట్టింది. తడి తగల్లేదు, ఏడుపు వినబడలేదు. పిల్లాడు హాయిగా పడుకున్నాడని తనూ పడుకుంది. తెల్లారేసరికి వాడు చల్లగా ఉన్నాడు. డైపర్‌కీ దానికీ సంబంధం లేదని డాక్టరు చెప్పాడు. మరి దేనివల్ల అంటే, ఒక్కోసారి కారణం తెలియదమ్మా అన్నాడు. ఆ మాట చెప్పకుండా ఉన్నా బాగుండేది. కారణం తెలిస్తే దానికొక్కదానికే భయపడేది. తెలియలేదు గనక త్రివేణి అన్నిటికీ భయపడడం మొదలుపెట్టింది. కిటికీకి, దుప్పటికి, దోమలబత్తికి, పిల్ల ఏడిస్తే ఏడుపుకి, ఏడవకపోతే ఏడవనందుకు.

కాబట్టి ఈ పిల్లకి గుడ్డలే అని తేలిపోయింది. అవీ అడిగి తెచ్చినవే కావాలి. అందులో ఇంకో మెలిక ఉంది. కన్న పిల్లలంతా కళ్ళెదుట తిరుగుతున్న తల్లి కట్టి విడిచిన కోకే కావాలి. అత్త గంగాభవాని, పురుడు లేచిన త్రివేణి, ఇద్దరూ బీర్‌గావ్‌లో వాళ్ళుండే గల్లీ పొడుగునా ఇల్లిల్లూ తిరిగారు. ఒడియావాళ్ళు, బీహారువాళ్ళు, ఛత్తీస్‌గఢీవాళ్ళు, నాలుగిళ్ళు మనవాళ్ళు. అడిగితే లేదనలేదెవరూ. కానీ ఇచ్చినవన్నీ సింథటిక్ చీరలు. జారుడు గుడ్డలు, మెరుపు గుడ్డలు.

"ఈ ఊరి ఆడోళ్ళంతా ప్లాస్టిక్ కట్టుకుంటన్నారే" అంది గంగాభవాని, ఒక చీర మీద నీళ్ళు చిలకరించి చూస్తూ. "గుంట ఉచ్చ పోసిందంటే ఇది తాగదు. జర్రున జారి మన పక్కలోకే వస్తాది."

పగటికి ఎలాగో సరిపెట్టారు. పాతబడ్డ ఓణీ ముక్కలు దొరికాయి. వాటిని మూలలు కలిపి కట్టేవాళ్ళు. తడిపినప్పుడల్లా తీసి బకెట్లో పడేసేవాళ్ళు. రాత్రి మాత్రం నరకమే. తడి తగలగానే పిల్ల కెవ్వుమనేది. మార్చి, ఊపి, పాలిచ్చి పడుకోబెట్టేలోగా మళ్ళీ తడి. త్రివేణి భర్త దుర్గారావు ఉర్లాలో రోలింగు మిల్లుకి పోవాలి. ఎర్రగా కాలిన ఇనుము ముందు నిద్రమత్తుతో నిలబడితే ఏమవుతుందో అతనికి తెలుసు. అతను ఫోనులో చూసి రాత్రికని ప్రత్యేకంగా కుట్టిన నాపీలు తెప్పించాడు. ఉతికి మళ్ళీ వాడుకునేవి, బొత్తాలున్నవి, లోపల మందపాటి పొరలున్నవి. గంగాభవాని వాటిని విప్పి చూసి, కుట్టు బాగుందని మెచ్చుకుని, మళ్ళీ కవర్లో పెట్టి అటక మీదికి ఎక్కించేసింది. కొన్నవి కదా. దుర్గారావు విసుక్కున్నాడు. ఆ బొత్తాలు, ఆ అంచు పట్టీ చూస్తుంటే ఆ రాత్రి వేసిన డైపరే గుర్తుకొచ్చి త్రివేణికి చేతులు ఆడలేదు.

పక్కింటి ఫూల్‌మతిని ఆఖర్న అడిగారు. మధ్యన ఒక్క గోడే అడ్డం కనక అడగడానికి మొహమాటం అయింది. ఫూల్‌మతిది మందిర్ హసౌద్ పక్క పల్లె. ఆమె మొగుడు కూడా మిల్లులోనే లోడింగు పని చేసేవాడు. పిల్లలెందరు దీదీ అని త్రివేణి అడిగితే, వాకిట్లో గోళీలాడుతున్న ముగ్గురినీ గడ్డంతో చూపించింది ఆమె. ఇద్దరు ఆడపిల్లలు, ఒక మగపిల్లాడు. ముగ్గురూ దుమ్ముకొట్టుకుని, బలంగా, ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటూ ఉన్నారు. ఎందుకు అడుగుతున్నారో గంగాభవాని తనకొచ్చిన హిందీలో చెప్పింది. ఫూల్‌మతి విని లోపలికి వెళ్ళింది. చాలాసేపటికి గానీ రాలేదు. వచ్చేటప్పుడు చేతిలో ఒక మడత ఉంది. మగ్గం మీద నేసిన లుగ్రా. అక్కడి ఆడవాళ్ళు ఒకప్పుడు కట్టుకునే ముతక నూలు చీర. ఉతికి ఉతికి దాని ఎరుపు పోయి, పిల్ల నాలిక రంగుకొచ్చింది. ముట్టుకుంటే వెన్నలా ఉంది.

"చింపొద్దు బహినీ" అని ఒక్క మాట అంది ఫూల్‌మతి. "మడతపెట్టి వాడుకో."

గంగాభవాని ఆ రోజే కోడలికి రాత్రి గుడ్డ మడత నేర్పింది. ఆడపిల్లకి తడి కిందికి దిగుతుంది కనక మందం పిరుదుల కింద రావాలి. మగపిల్లాడికైతే ముందు. లుగ్రాని పొడుగ్గా మడిచి, మధ్యలోకి ఇంకో మడత తిప్పి, దాని చుట్టూ ఎవరో ఇచ్చిన ఫ్లానెల్ ముక్క చుట్టాలి. పిన్నీసు పెట్టకూడదు, నాడాతో కట్టాలి. కట్టాక పొట్ట దగ్గర రెండు వేళ్ళు దూరాలి, తొడల దగ్గర ఒక వేలు దూరాలి. ఆ రాత్రి తవిటమ్మ చీకటిపడ్డాక పడుకుని, పాలకి ఒక్కసారి లేచి, మళ్ళీ పడుకుంది. దుర్గారావు గురక పెట్టాడు. గంగాభవాని కూడా గురక పెట్టింది. త్రివేణి ఒక్కతే మెలకువగా పడుకుని, పిల్ల ముక్కు కింద వేలు పెట్టి చూసుకుంటూ తెల్లవార్చింది. పిల్ల నిద్రపోకపోతే ఒక రకం భయం, పోతే ఇంకో రకం. అయినా నాలుగైదు రోజులు పోయాక ఆమెకీ కన్ను మూతపడడం మొదలైంది. పాలు కుదురుకున్నాయి. పిల్ల బుగ్గలు పట్టింది. ముగ్గురు పిల్లలు బతికి బట్టకట్టిన తల్లి కోక పిల్లని కాపలా కాస్తోందని ఆమె నమ్మింది. ఎంత నమ్మిందంటే, ఎండలో తీగ మీద ఆ గుడ్డ ఆరుతుంటే పక్కనే పీట వేసుకుని కూర్చునేది. ఫ్యాక్టరీల నల్లటి పొడి ఆ పేటలో అన్నిటి మీదా పడుతుంది. గాలి ఇటు తిరిగిందంటే లేచి గుడ్డని లోపలికి తెచ్చేసేది. సందెవేళకి ముందే ఎలాగూ తీసేసేది. చీకట్లో పిల్లల గుడ్డల మీంచి పిట్ట ఎగిరితే బిడ్డకి మంచిది కాదు.

వానలు పట్టాయి. అక్కడివాళ్ళ భాదో నెలలో కమర్‌ఛట్ పండగ వచ్చింది. పిల్లలున్న తల్లులంతా ఆ రోజు ఉపవాసం ఉంటారు. గల్లీ చివర చిన్న గుంట తవ్వి నీళ్ళు పోసి, దాని ఒడ్డున కొమ్మలు పాతి పూజ చేస్తారు. తర్వాత ఎవరిళ్ళకి వాళ్ళు వచ్చి, పసుపు కలిపిన మట్టినీళ్ళలో గుడ్డ ముంచి పిల్లల వీపుల మీద తడతారు. అలా తడితే ఆయుష్షట. ఫూల్‌మతి త్రివేణిని కూడా పిలిచింది. నీ బిడ్డనీ పట్టుకురా, దానికీ తడతాను అంది. ఆయుష్షనే మాట వింటే త్రివేణి ఎక్కడికైనా వెళ్తుంది. పిల్లని చంకన వేసుకుని వెళ్ళి గుమ్మంలో నిలబడింది.

ఫూల్‌మతి ముగ్గురినీ వరసగా నిలబెట్టి వీపుల మీద తట్టింది. చిన్నవాడు చల్లగా ఉందని మెలికలు తిరిగాడు. ఆ తర్వాత ఆమె గుడ్డని మళ్ళీ నీళ్ళలో ముంచి, వంగి, గుమ్మం పక్క గోడకి తట్టింది. పాకే పిల్లాడి ఎత్తులో. ఒకసారి కాదు, పిల్లల వీపు మీద ఎన్నిసార్లు తట్టిందో అన్నిసార్లూ తట్టింది.

అది ఎవరికని త్రివేణి అడిగింది. ఏ దేవుడి పేరో చెబుతుందనుకుంది.

"నా పెద్దోడికి" అంది ఫూల్‌మతి. "ఉంటే ఈపాటికి మీసాలొచ్చేవి."

అని, అదే గుడ్డతో తవిటమ్మ వీపు మీద కూడా మెల్లగా తట్టింది. తడి తగిలి తవిటమ్మ కిలకిలా నవ్వింది. ఏం మాట్లాడిందో, ప్రసాదం ఎలా పుచ్చుకుందో త్రివేణికి తెలియదు. ఇంటికొచ్చి తలుపు వేసి, పిల్ల వీపు మీది మట్టినీళ్ళు కొంగుతో తుడిచింది. తుడిస్తే పోయింది. పోయినట్టు ఆమెకి అనిపించలేదు. మళ్ళీ తుడిచింది.

త్రివేణి చెప్పిందంతా గంగాభవాని బియ్యం ఏరుకుంటూ విన్నది. విని చేట ఆపలేదు.

"నువ్వు పిల్లలెందరని అడిగినావు. ఆవిడ చూపించింది. పోయినోళ్ళెందరని నువ్వూ అడగలేదు, నానూ అడగలేదు."

"మీరే కదా అత్తా, పోయిన బిడ్డ తల్లి కోక తేకూడదన్నారు."

"అన్నాను. నాకూ ఇద్దరు పోనారు. నీకు తెల్దు, మీ ఆయనకీ సరిగ్గా తెల్దు. నీకు పురుడు పోసిన చెయ్యేటి, దానికి నీళ్ళోసే చెయ్యేటి? ఇదేనా కాదా? దీన్నీ నరికేస్తావేటి మరి?" అని చెయ్యి చాపి చూపించింది. కాసేపటికి గొంతు తగ్గించి, గుంట నిద్రపోతంది, దాన్ని నిద్రపోనీ, అంది.

ఆ మాట త్రివేణి చెవికి ఎక్కింది గానీ లోపలికి దిగలేదు. ఆ సాయంత్రం ఆమెకి మడత తిరగలేదు. లుగ్రాని చేతిలో పట్టుకుంటే ఇన్నాళ్ళూ వెన్నలా ఉన్నది ఇప్పుడు చల్లగా తోచింది. ఇన్ని రాత్రులు ఏమీ కాలేదు కదా అని మనసులో ఒకవైపు. హేమంత్‌కీ అన్ని రాత్రులు ఏమీ కాలేదు, ఒక్క రాత్రే కదా అయింది అని రెండోవైపు. రెండోవైపే ఎప్పుడూ గెలుస్తుంది ఆమెకి. ఆ రాత్రి సింథటిక్ చీర మడతే కట్టింది. పిల్ల రాత్రంతా లేస్తూనే ఉంది.

మర్నాడు గంగాభవాని రేషను దుకాణానికి వెళ్ళిన సమయం చూసి, పిల్లని భుజాన వేసుకుని, గుడ్డని సంచిలో పెట్టుకుని మిల్లు వెనక నాలా దగ్గరికి వెళ్ళింది త్రివేణి. పిల్లల గుడ్డలు కాల్చకూడదు, చెత్తలో పడెయ్యకూడదు. పారే నీళ్ళలో వదిలెయ్యాలి. వానకి నాలా నిండుగా, నల్లగా పోతోంది. గుడ్డ వెంటనే పోలేదు. మడత విప్పుకుని, పొడుగ్గా సాగి, తుమ్మకొమ్మకి పట్టుకుని ఊగింది. త్రివేణి దాన్ని చూడలేక, చూడకుండా పోలేక నిలబడింది. చివరికి జారి వెళ్ళిపోయింది. ఆ క్షణాన ఆమెకి గుండె తేలికపడిన మాట నిజం. ఇంటికొచ్చాక, ఆరేసిన లుగ్రా గాలికి కొట్టుకుపోయిందని అత్తకి చెప్పింది. గంగాభవాని తీగ వైపు చూసింది. క్లిప్పులన్నీ తీగకే ఉన్నాయి. లోపలికి వెళ్ళి, దుర్గారావుకి డబ్బా కట్టింది.

ఆ తర్వాతి రాత్రులు మొదటి నెల రాత్రుల కన్నా అన్యాయంగా గడిచాయి. సింథటిక్ గుడ్డ తడిని తాగదు, వదలదు. నాలుగు మడతలు వేస్తే బిగుసుకుపోయి తొడలు ఒరుసుకుపోయాయి. రెండు వేస్తే పక్కంతా తడి. ముసురుకి ఓణీ ముక్కలు ఆరక ఇల్లంతా ముక్కిన వాసన. పిరుదులు ఎర్రగా పొక్కాయి. కొబ్బరినూనె రాస్తే మండి పిల్ల ఊపిరి బిగబట్టి ఏడ్చేది. అలా బిగబట్టినప్పుడల్లా త్రివేణికి ప్రాణం పోయేది. ఒకసారి అటక మీది కవరు దింపి, ఆ బొత్తాల నాపీ చేతిలోకి తీసుకుంది. దుర్గారావు ఆశగా చూశాడు. ఆమె దాన్ని పిల్ల నడుం దాకా తెచ్చి, అక్కడ ఆగిపోయి, మళ్ళీ కవర్లో పెట్టేసింది. అతను అటు తిరిగి పడుకున్నాడు. కోప్పడినా బాగుండేది.

గోడకి అవతల ఫూల్‌మతి వింటూనే ఉంది కదా. అంత ఏడుపు ఎవరికి వినబడదు. ఒక మధ్యాహ్నం వాన వెలిసినప్పుడు ఆమె వచ్చింది. కొంగు కింద మరో మడత ఉంది. అదే రంగు, అదే మెత్తన. గంగాభవాని పిల్లని ఒళ్ళో వేసుకుని ఊపుతోంది. ఫూల్‌మతి కింద కూర్చుని, మడతని త్రివేణి ముందు పెట్టింది.

ఈ ముసురులో ఒక్క గుడ్డ ఆరి చావదని తనకి ముందే తట్టాల్సిందంది. ఒకటి ఆరేలోగా ఇంకోటి ఉండాలంది. పెద్దోడు పుట్టినప్పుడు తన అమ్మ ఒక లుగ్రాని చింపి రెండు చేసిందట. ఒకటి వాడి కిందికి, ఒకటి వాడి మీదికి. కిందిది ఆ రోజు ఇచ్చాను, ఇది మీదిది, అంది. వాడిని కొత్త గుడ్డ చుట్టి తీసుకెళ్ళారట. ఇవి రెండూ పెట్టెలో ఉండిపోయాయట. తర్వాత పుట్టిన ముగ్గురిలో ఒక్కరికీ వీటిని తియ్యలేదట, చెయ్యి రాక.

"నీ పిల్లాడి సంగతి విన్నాను కదా బహినీ" అంది. "నీకైతే ఇవ్వబుద్ధయింది."

త్రివేణి ఆ మడతని ముట్టుకోలేదు. హేమంత్‌వి ఆమె దగ్గర ఒక్క పోగు లేదు. బెంగ పెట్టుకుంటుందని అయినవాళ్ళంతా కలిసి, ఆమెకి స్పృహ సరిగ్గా రాకముందే, టోపీ, మేజోళ్ళు, పాలసీసాతో సహా మూటకట్టి పంపేశారు. ఎక్కడికి పంపారో ఇవ్వాళ్టిదాకా ఎవరూ చెప్పలేదు. వాడి చొక్కా ఒకటైనా ఎక్కడైనా పడిపోయి దొరుకుతుందేమోనని ఆమె పెట్టెల వెనకా, బియ్యం డబ్బా కిందా ఇప్పటికీ చెయ్యి పెట్టి వెతుకుతుంది. మూటకట్టిన వాళ్ళు ఎలాంటి మనసున్న వాళ్ళో అని ఆమె ఎన్నిసార్లు ఏడ్చిందో లెక్కలేదు.

గంగాభవాని ఊపడం ఆపి కోడలి మొహం చూసింది.

"దీదీ, అది లేదు" అంది త్రివేణి.

ఆరలేదనుకుంది ఫూల్‌మతి. పర్వాలేదన్నట్టు చెయ్యి ఊపింది.

"ఆరకపోవడం కాదు. నాలాలో వదిలేశాను. పోయిన బిడ్డదని తెలిసి, నాకు భయమేసింది."

ఏ నాలా అని అడిగింది ఫూల్‌మతి. మిల్లు వెనకది. ఎప్పుడు? మీ పండగ మర్నాడు. ఆమె లెక్కేసుకుంటున్నట్టు నేల వైపు చూసింది. మధ్యలో ఎన్ని వానలు పడ్డాయో, నీళ్ళు ఎంత దూరం పోయి ఉంటాయో. లేచింది. లేచేటప్పుడు తను తెచ్చిన మడతని మళ్ళీ కొంగు కిందికి తీసుకుంది. త్రివేణి తల ఎత్తలేదు. అలా తీసుకోవడమే న్యాయం అనుకుంది.

ఫూల్‌మతి గుమ్మం దాకా వెళ్ళింది. తవిటమ్మ అప్పుడే తడిపి, మంటకి గుక్కపెట్టింది. ఏడిచి ఏడిచి ఊపిరి అందక నీలమై, మళ్ళీ అందుకుంది. ఫూల్‌మతి గుమ్మంలో నిలబడి అదంతా విన్నది. వెనక్కి వచ్చింది. గంగాభవాని ఒళ్ళోంచి పిల్లని తీసుకుని చాప మీద పడుకోబెట్టి, తడి గుడ్డ విప్పి అవతల పడేసింది. పొక్కుల మీద గోరువెచ్చని నీళ్ళు పోసి, రుద్దకుండా అద్దింది. గాలి తగలనిచ్చింది. తన మడతని విప్పి, మళ్ళీ తనకి తెలిసినట్టు మడిచి, పిల్ల కింద పెట్టి కట్టింది. పొట్ట దగ్గర వేళ్ళు పెట్టి చూసింది. ఇంతసేపూ ఎవరి వైపూ చూడలేదు.

"పొద్దున్న నేనొచ్చి విప్పుకుంటాను" అంది త్రివేణితో. "నువ్వు ఉతకొద్దు. ముట్టుకోకు."

అప్పట్నించీ అదే పద్ధతి అయింది. చీకటిపడేవేళకి ఫూల్‌మతి వచ్చేది, పిల్లకి కట్టేది, పోయేది. తెల్లారాక వచ్చి విప్పుకుని, తడిదాన్ని అలాగే చేతిలో పట్టుకుని తన ఇంటికి తీసుకెళ్ళేది. ఉతికి, పొయ్యి మీద దూరంగా పట్టి, అటూ ఇటూ తిప్పుతూ ఆరబెట్టేది. కూర్చోమంటే కూర్చునేది కాదు. గంగాభవాని చాయ్ పోసి ఇస్తే, వద్దు దాయీ అనేది. త్రివేణితో మాట మాత్రం లేదు. పిల్ల పొక్కులు మానాయి. రాత్రుళ్ళు పడుకుంటోంది. దుర్గారావుకి ఇదంతా ఏమిటో ఎవరూ విడమరిచి చెప్పలేదు, అతనూ అడగలేదు.

త్రివేణికి భయం పోయిందా అంటే, పోలేదు. ఆ గుడ్డ ఏ బిడ్డదో ఆమెకి రాత్రంతా గుర్తే. చెయ్యి పిల్ల గుండె మీద వేసుకునే పడుకునేది. కానీ దాని పక్కన ఇంకో భయం వచ్చి చేరింది. ఈ సాయంత్రం ఫూల్‌మతి రాకపోతే?

ఒక సాయంత్రం నిజంగానే రాలేదు. దీపాలు పెట్టారు. మిల్లు సైరను మోగింది. గంగాభవాని ఏదో ఒక గుడ్డ కట్టవే అంది. త్రివేణి కట్టలేదు. పిల్లని ఉత్తొంటితో తువ్వాల్లో చుట్టుకుని గుమ్మంలో నిలబడింది. పక్కింట్లో పొయ్యి వెలుగుతోంది. లోపల మనిషి కదులుతున్న నీడ గోడ మీద పడుతోంది. వెళ్ళి పిలవడానికి ఆమెకి ముఖం లేదు. పిల్ల తువ్వాలు తడిపింది. త్రివేణి చీర తడిసింది. అలాగే నిలబడింది.

ఎంతసేపటికో ఫూల్‌మతి వచ్చింది. చేతిలో గుడ్డ ఇంకా పొయ్యి వేడితోనే ఉంది. తడిసిన తువ్వాలు చూసి, పిల్లని అందుకుని, చాప మీద పడుకోబెట్టి కట్టింది. ముడి సరిచూసింది. లేచింది.

"దీదీ" అంది త్రివేణి.

ఫూల్‌మతి గుమ్మం దగ్గర ఆగింది. వెనక్కి తిరగలేదు. తలుపేసుకో, చలిగాలి కొడుతోంది, అని వెళ్ళిపోయింది.